సింగపూర్ మళ్లీ మలేషియాలో కలిస్తే ఎవరికి నష్టం?

జొహోర్_కోడలు • ఆదివారం ఉదయం 10:12

మాది రాజమండ్రి. అత్తగారి వైపు వాళ్లు నాలుగు తరాలుగా మలేషియాలో ఉన్న తెలుగువాళ్లు. కాపురం మలేషియా కొసన జొహోర్ బారులో, ఉద్యోగం సింగపూర్‌లో. రోజూ పొద్దున్నే ఒక దేశం దాటి పనికి పోవడం, రాత్రికి మళ్లీ దాటి వచ్చి కుక్కర్ పెట్టడం.

మధ్యలో ఉన్నది జలసంధి మీద వేసిన కిలోమీటరు రోడ్డు, కాజ్‌వే అంటారు. తెల్లారి ఐదు కాకముందే లైన్లో నిలబడితేనే ఎనిమిదిన్నరకి ఆఫీసులో ఉంటాను. మలేషియా వైపు గేటు దాటాలి, 170 నంబరు బస్సెక్కాలి, సింగపూర్ వైపు ఉడ్‌లాండ్స్‌లో దిగి పరిగెత్తాలి, మళ్లీ క్యూ, మళ్లీ బస్సు. పక్కన బైకుల లైను. రెయిన్‌కోటు వేసుకుని, హెల్మెట్ తియ్యకుండానే హ్యాండిల్ మీద తల వాల్చి కునుకు తీసేవాళ్లు రోజూ కనిపిస్తారు. రోజుకి మూడు లక్షల మందికి పైగా ఇలా అటూ ఇటూ తిరుగుతారు.

నా డౌటు సింపుల్. 1963 నుంచి 65 దాకా ఈ రెండూ ఒకే దేశం. సింగపూర్ జాతీయ గీతం ఇవాళ్టికీ మలయ్ భాషలోనే పాడతారు. నీళ్లు ఇక్కడి నుంచి, కోళ్లు ఇక్కడి నుంచి, నాలాంటి పనివాళ్లు ఇక్కడి నుంచి. అటు డబ్బుంది, జాగా లేదు. ఇటు జాగా ఉంది, జీతాలు లేవు. మళ్లీ కలిసిపోతే ఎవరికి నష్టం? సెంటిమెంటు వద్దు, విషయం చెప్పండి.

చికెన్_రైస్_ఫ్యాన్ • 10:31

కోళ్లు అన్నారు కాబట్టి నాకూ మాట్లాడే హక్కుంది. 2022 జూన్‌లో తమ దగ్గర ధరలు పెరిగాయని మలేషియా కోళ్ల ఎగుమతి ఆపేసింది. సింగపూర్ తినే చికెన్‌లో మూడో వంతు అక్కడిదే. మా బ్లాకు కింద హాకర్ సెంటర్లో ఆంటీ కొన్నాళ్లు ఫ్రోజెన్ కోడితో లాక్కొచ్చింది. ఆ రుచి గురించి నన్ను అడక్కండి. ఒకే దేశమైతే ఈ గోల ఉండేది కాదు. నా ఓటు కలపడానికే.

బెడోక్_బావ • 11:05

కోడలు గారూ, మీ కష్టం నిజమే. కానీ కౌంటర్లు పెంచితే తీరే కష్టానికి దేశాన్నే రద్దు చేసుకోమంటారా?

నేను వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పౌరసత్వం తీసుకున్నాను. మావాడు ఇప్పుడు నేషనల్ సర్వీస్‌లో ఉన్నాడు. ప్రతి మగపిల్లాడూ రెండేళ్లు చెయ్యాలి. 1967లో ఇది ఎందుకు మొదలుపెట్టారో తెలుసా? విడిపోయిన రోజున సింగపూర్ చేతిలో ఉన్నది రెండు పటాలాలు. ఇజ్రాయెల్ నుంచి సైనిక సలహాదారుల్ని రప్పించి, ఆ సంగతి పొరుగువాళ్లకి తెలిస్తే గొడవని వాళ్లని 'మెక్సికన్లు' అని చెప్పుకున్నారు. ఊపిరి పీల్చుకునేలోపే, 1968లో, బ్రిటిష్ వాళ్లు స్థావరాలు ఎత్తేస్తామన్నారు. వాటి మీద బతికే వేల కుటుంబాలు రోడ్డున పడే పరిస్థితి. అక్కడి నుంచి నిలబెట్టుకున్నారు. బస్సు క్యూ పొడుగుందని ఇచ్చేస్తారా?

పైగా 2020 మార్చి గుర్తు తెచ్చుకోండి. మలేషియా రాత్రికి రాత్రి సరిహద్దు మూసేసింది. సింగపూర్‌లో పనిచేసే మలేషియన్లు ఇళ్లకి పోలేక, పడుకోవడానికి చోటు వెతుక్కున్నారు. ఏడాదికి పైగా పిల్లల మొహం చూడనివాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. పక్కవాళ్ల మీద ఆధారపడటం అంటే ఏంటో అప్పుడు అర్థమైంది.

జొహోర్_కోడలు • 11:20

బావగారూ, అలా ఇంటికి దూరమై ఇరుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. నాకైతే అది విడిగా ఉండటం వల్ల వచ్చిన కష్టంలాగే అనిపించింది. జొహోర్ నుంచి పక్క రాష్ట్రం పహాంగ్ వెళ్లే బస్సుని కోవిడ్ ఆపింది కానీ ఇమ్మిగ్రేషన్ ఆపలేదు కదా.

ఇంకోటి. సింగపూర్ కారు కాజ్‌వే ఎక్కాలంటే ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉండాలి, అవతల చవక పెట్రోలు కొట్టించుకోకుండా. ముల్లు కాస్త కిందికి ఉంటే జరిమానా, వెనక్కి పంపించడం. ముల్లు చూసి మనిషిని ఆపే సరిహద్దుకి ఇంత భక్తి అక్కర్లేదేమో.

పాతకాగితాలు • మధ్యాహ్నం 12:48

వైజాగ్ నుంచి. రిటైరయ్యాక నాకున్న జబ్బు పాత దస్తావేజులు చదవడం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉంటేనే చదవండి.

'మలేషియా సింగపూర్‌ని వెళ్లగొట్టింది' అని అందరం చదువుకున్నాం. అసలు కథ కలిసేటప్పుడే వంకరగా మొదలైంది. 1962 సెప్టెంబరు 1న సింగపూర్‌లో రెఫరెండం పెట్టారు. కాగితం మీద మూడు గడులు. మూడూ కలవడానికే, ఏ షరతుల మీద అన్నదే తేడా. 'వద్దు' అనే గడే లేదు. ప్రతిపక్షం బారిసాన్ సోషలిస్ ఖాళీ ఓటు వెయ్యమంది. నాలుగో వంతు మంది అలాగే వేశారు. 71 శాతం ప్రభుత్వం అడిగిన మొదటి గడికి వేశారు. తర్వాత 1963 ఫిబ్రవరిలో ఆపరేషన్ కోల్డ్‌స్టోర్ పేరుతో వంద మందికి పైగా వామపక్షం వాళ్లని లోపలేశారు. సెప్టెంబరు 16న మలేషియా పుట్టింది.

ఇక షరతులు. ఫెడరల్ పార్లమెంటులో 159 సీట్లు ఉంటే సింగపూర్‌కి 15. జనాభా లెక్కన ఎక్కువే రావాలి. సీట్లు తగ్గించుకున్నందుకు విద్య, కార్మిక వ్యవహారాలు తన చేతిలోనే ఉంచుకుంది. తన పన్నుల రాబడిలో 40 శాతం కౌలాలంపూర్‌కి కట్టాలి. బోర్నియో దీవిలో ఉన్న సబా, సరవాక్ రాష్ట్రాల అభివృద్ధికి 15 కోట్ల డాలర్ల అప్పివ్వాలి. ఇదంతా దేనికంటే ఉమ్మడి మార్కెట్ కోసం. సింగపూర్ ఫ్యాక్టరీల్లో చేసింది సుంకం లేకుండా మలయాలో, అంటే ఇప్పటి మలేషియా ప్రధాన భూభాగంలో, అమ్ముకోవచ్చని ఆశ. ఆ మార్కెట్ ఒక్క రోజు కూడా నడవలేదు.

1964 ఏప్రిల్‌లో సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ పార్టీ మలయా ఎన్నికల్లో వేలు పెట్టింది. ఒక్క సీటు వచ్చింది, బంగ్సర్‌లో దేవన్ నాయర్ గెలిచాడు. మలేషియాని ఏలుతున్న మలయ్ పార్టీ ఆమ్నో వాళ్లకి అది మా ఇంట్లోకి వచ్చి మా కంచంలో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. జులై 21న, ప్రవక్త జయంతి ఊరేగింపు రోజున, సింగపూర్‌లో మలయ్–చైనీస్ అల్లర్లు. 23 మంది పోయారు. సెప్టెంబరులో మళ్లీ, 13 మంది. మరోపక్క మలేషియా ఏర్పాటే గిట్టని ఇండోనేషియా 'కన్‌ఫ్రంటాసి' అంటూ బాంబులు పెడుతోంది. 1965 మార్చిలో ఆర్చర్డ్ రోడ్ మీద మాక్‌డొనాల్డ్ హౌస్‌లో పేలింది, ముగ్గురు చచ్చిపోయారు.

మలేషియా ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్ అప్పుడు లండన్ ఆసుపత్రిలో సర్పి జబ్బుతో మంచం మీద ఉన్నాడు. సింగపూర్‌ని వదిలించుకోవాలన్న ఆలోచన అక్కడే గట్టిపడింది. సింగపూర్ వైపు నుంచి మాట్లాడటానికి వెళ్లిన ఆర్థిక మంత్రి గో కెంగ్ స్వీ కూడా సర్దుబాటు అడగలేదు, పూర్తిగా తెగతెంపులే అన్నాడు. ఆ చర్చల కాగితాలు దాచుకున్న ఫైలుకి అతను పెట్టుకున్న పేరు 'ఆల్బట్రాస్', మెడలో గుదిబండ అన్న అర్థంలో. న్యాయ మంత్రి బార్కర్ పత్రాలు రాశాడు, ఆగస్టు 7న సంతకాలు, 9న కౌలాలంపూర్ పార్లమెంటులో 126–0. టీవీలో లీ ఏడ్చిన ముక్క అందరికీ గుర్తుంది. గో ఫైలు సంగతి చాలా ఏళ్ల దాకా జనానికి తెలీదు.

కాబట్టి 'మళ్లీ కలవడం' అనేముందు ఒకటి చూడాలి. వాళ్లు కలిసిన ఇరవై మూడు నెలల్లో ఏ ఒక్క షరతూ అనుకున్నట్టు నడవలేదు.

ఓరుగల్లు_కుర్రాడు • 1:15

అన్నా, ఇది చదువుతుంటే 1956 పెద్దమనుషుల ఒప్పందమే గుర్తొస్తుంది. షరతులతో కలుపుడు, షరతులు పక్కకు పెట్టుడు, చివరికి 2014. మాకు తెలిసిన కథే.

చికెన్_రైస్_ఫ్యాన్ • 1:17

మొదలైంది.

మోడరేటర్ • 1:40

పోలిక అందరికీ అందింది, ఇక చాలు. ఆ విషయానికి వేరే విభాగం ఉంది. అక్కడ జాగాకి లోటు లేదు. ఈ థ్రెడ్ జొహోర్ జలసంధి ఒడ్డునే ఉండాలి.

పేరాక్_అప్పన్న • సాయంత్రం 4:22

నాది మలేషియాలోనే, పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతూ. కొబ్బరి తోటల ఊరు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు పనికి వచ్చినాడు. తెలుగు రాయడం సంఘం క్లాసుల్లో నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పొద్దుట్నుంచి చూస్తున్నాను. సింగపూర్ కలవాలా, సింగపూర్ వద్దంటుందా, సింగపూర్‌కి లాభమా. ఏటండీ ఇది? మమ్మల్ని ఎవరైనా అడిగారా?

అడిగితే నా జవాబు సూటిగా ఉండదు. మా రాజ్యాంగం 153వ అధికరణం మలయ్‌లకీ, సబా, సరవాక్ స్థానికులకీ ప్రత్యేక స్థానం ఇచ్చింది. 1969 మే 13న కౌలాలంపూర్‌లో జరిగిన మారణకాండ తర్వాత, 1971 నుంచి, కొత్త ఆర్థిక విధానం పేరుతో అది చదువుల్లోకీ, ఉద్యోగాల్లోకీ, కంపెనీల వాటాల్లోకీ వచ్చింది. యూనివర్సిటీకి ముందు చదివే ప్రభుత్వ మాట్రిక్యులేషన్ సీట్లలో 90 శాతం భూమిపుత్రులకి, అంటే ఆ మలయ్‌లకీ స్థానికులకీ, 10 శాతం మిగతా అందరికీ. కొత్త ఇల్లు కొంటే వాళ్లకి రాష్ట్రాన్ని బట్టి 5 నుంచి 15 శాతం దాకా తగ్గింపు. మా అమ్మాయికి మంచి మార్కులొచ్చినా ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో అడిగిన కోర్సు ఇవ్వలేదు, అడగనిది ఇచ్చారు. అప్పు చేసి ప్రైవేటులో చదివించాను. ఇప్పుడు సింగపూర్‌లో అకౌంటెంటు. నాకు కోపం లేదా అంటే, ఉంది.

అయినా ఒక మాట చెప్పాలి. 1970లో మా పెనిన్సులాలో, అంటే ప్రధాన భూభాగంలో, సగం ఇళ్లు పేదరికంలో ఉన్నాయి. మలయ్ కంపుంగుల్లో, అంటే పల్లెల్లో, పరిస్థితి ఇంకా అన్యాయం. నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న మలయ్ కుర్రాళ్లు, చెప్పుల్లేకుండా బడికొచ్చినవాళ్లు, ఆ స్కాలర్‌షిప్పులతోనే ఇంజినీర్లయ్యారు. సింగపూర్ వాళ్లు 'ప్రతిభకే పట్టం' అంటారు. మా దగ్గర చాలామందికి అది, డబ్బూ ఇంగ్లీషూ ముందే ఉన్నవాడు గెలిచే పందెంలా వినపడుతుంది. మీకు నచ్చకపోవచ్చు. కానీ ఓట్లు పడేది ఆ వినపడినదానికే.

1965లో దేని గురించి కొట్టుకున్నారో అది ఇప్పుడూ అక్కడే ఉంది. ఒక్క అంగుళం కదల్లేదు.

బెడోక్_బావ • 4:50

అప్పన్న గారూ, నమస్కారం. మీరు చెప్పిందే నేను చెప్పబోయేది, ఇంకా బాగా చెప్పారు. అయితే సింగపూర్‌లో అంతా స్వర్గమని నేనూ అనను. ఇక్కడ ప్రభుత్వం కట్టించే హెచ్‌డీబీ ఫ్లాట్లలో జాతి కోటా ఉంది, 1989 నుంచి. మా బ్లాకులో ఇండియన్ల కోటా నిండిపోతే నా ఫ్లాటు ఇంకో ఇండియన్‌కి అమ్మగలను కానీ, అది నిండిన బ్లాకులో చైనీస్ వాళ్లది నేను కొనలేను. చైనీస్ కోటా నిండిన చోట మాది చైనీస్ వాళ్లకి అమ్మలేం. అలా కొనేవాళ్లు తగ్గేసరికి మైనారిటీల ఫ్లాట్లకి ధర తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది.

పిల్లల చదువు కూడా చూడండి. బడిలో మాతృభాష తప్పనిసరి. తమిళం అధికార భాష. అది కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. మావాడి 'మాతృభాష' సర్టిఫికెట్ ప్రకారం హిందీ. వాళ్ల అమ్మమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

లెక్కలే_ముఖ్యం • 6:33

అందరూ చరిత్ర, మనసులు మాట్లాడుతున్నారు. పర్సు గురించి మాట్లాడేవాళ్లు లేరు.

1973 దాకా సింగపూర్ డాలరూ రింగిట్టూ ఒకటికి ఒకటి మారేవి. ఇప్పుడు ఒక డాలరుకి మూడు రింగిట్లకి పైనే. కలిస్తే ఏ నోటు వాడతారు? 1990లో జర్మనీ ఈ పని చేసింది. తూర్పు జర్మనీ జీతాల్ని ఒకటికి ఒకటి లెక్కన పశ్చిమ మార్కుల్లోకి మార్చింది. జనం సంబరపడ్డారు. ఆ జీతాలు కట్టలేక తూర్పు ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. అక్కడ భాష ఒకటే, జాతి ఒకటే, పశ్చిమం మోయడానికి సిద్ధంగా ఉంది, పైగా పెద్దది పశ్చిమమే. ఇక్కడ డబ్బున్నది చిన్నది. 60 లక్షల మంది 3.4 కోట్ల మందిని లాగాలి.

రెండోది రిజర్వులు. టెమాసెక్, జీఐసీ లాంటి ప్రభుత్వ పెట్టుబడి సంస్థల చేతుల్లో సింగపూర్ కూడబెట్టిన సొమ్ము ఉంది. దాని మీద వచ్చే రాబడి నుంచే ఏటా బడ్జెట్‌లో దాదాపు అయిదో వంతు వస్తోంది. కలిసిన మర్నాడు అది ఎవరిది? 1963లో 40 శాతం పన్ను కోసమే తిట్టుకున్నవాళ్లు, ఈ మూట ముందు పెట్టుకుని ప్రశాంతంగా పంచుకుంటారా?

కోడలు గారూ, ఇది మీకు. మీ జీతం డాలర్లలో, మీ ఇంటి అద్దె రింగిట్లలో. మీకు మిగిలేదంతా ఆ తేడాలోనే ఉంది. ఆ గీత వల్లే మీకు క్యూ, ఆ గీత వల్లే మీకు పొదుపు. గీత చెరిపేస్తే రెండూ పోతాయి.

జొహోర్_కోడలు • రాత్రి 7:10

నా సంగతి సరే, గట్టిగానే తగిలింది. మరి గీత దాటనివాళ్ల సంగతేంటి?

మా ఆడపడుచు జొహోర్ బారులో టీచరు. జీతం రింగిట్లలో. చుట్టూ ఇళ్ల ధరలు, అద్దెలు, శనివారం రెస్టారెంట్ బిల్లులు మాత్రం డాలరు సంపాదించేవాళ్లకి తగ్గట్టు పెరుగుతున్నాయి. వారాంతం వస్తే షాపింగ్ మాల్లో పార్కింగ్ దొరకదు, అన్నీ సింగపూర్ నంబరు ప్లేట్లే. చేతిపని తెలిసిన ప్రతివాడూ అవతలకి పోతున్నాడు. మా వీధిలో ఏసీ రిపేరుకి మనిషి దొరకడు, ఉడ్‌లాండ్స్‌లో దొరుకుతాడు. విడిగా ఉండి బాగుపడ్డ దేశం లెక్కలు చెప్పారు. ఆ బాగు పక్కింటివాళ్లకి పెట్టిన ఖర్చు కూడా లెక్కలోకి రావాలిగా?

లెక్కలే_ముఖ్యం • 7:25

రావాలి. అందుకే 2025 జనవరిలో జొహోర్–సింగపూర్ ప్రత్యేక ఆర్థిక మండలి ఒప్పందం సంతకమైంది. ఫ్యాక్టరీని కార్మికుడి దగ్గరికి తెద్దామన్న ఆలోచన. ఫలితం చూడాలంటే టైమ్ పడుతుంది. కానీ దీనికి జెండా మార్చక్కర్లేదు.

మిరి_ఇంజనీర్ • 8:02

నేను సరవాక్‌లో ఆయిల్ ఫీల్డు ఉద్యోగిని. హైదరాబాద్ నుంచి వచ్చాను. కలిస్తే సింగపూర్ ఎలా ఉండేదో ఊహించుకుంటున్నారు గదా, ఊహించక్కర్లేదు, ఇటు రండి, చూపిస్తా.

1963లో సింగపూర్‌తో పాటు చేరి, ఉండిపోయిన రెండు రాష్ట్రాలు సబా, సరవాక్. కౌలాలంపూర్‌లో ఫ్లైటెక్కి సరవాక్ రాజధాని కూచింగ్‌లో దిగితే మళ్లీ ఇమ్మిగ్రేషన్ ఉంటుంది, అది ఒకే దేశంలో! పెనిన్సులా మలేషియన్ ఇక్కడ ఉద్యోగం చెయ్యాలంటే విడిగా పర్మిట్ తీసుకోవాలి. అది చేరేటప్పుడు రాయించుకున్న హక్కు. ఆ హక్కుని గట్టిగా పట్టుకుని ఉన్నారు. నూనె మాత్రం 1974 నుంచి పెట్రోనాస్ చేతికి పోయింది, రాష్ట్రానికి 5 శాతం రాయల్టీ. అప్పట్నుంచి అదే పంచాయితీ. టీ కొట్టు దగ్గర కూడా 'ఎంఏ 63' అంటారు, 1963 ఒప్పందం గురించి. రాజ్యాంగంలో ఆ ఒప్పందం ప్రస్తావన చేర్చడానికి 2021 డిసెంబరు దాకా పట్టింది.

దీన్నిబట్టి కలిసి ఉండటం చెడ్డదని నేననను. సరవాక్ విడిపోదామని అడగట్లేదు, బేరం ఆడుతోంది. సింగపూర్ ఉండి ఉంటే ఇదే బేరం ఇంకాస్త గొంతు పెంచి ఆడేది, అరవై ఏళ్లుగా.

ఓరుగల్లు_కుర్రాడు • 8:09

కోడలు గారూ, ఒకే దేశమైతే ఇమ్మిగ్రేషన్ పోతదనుకున్నరు. ఇప్పుడేమంటరు?

జొహోర్_కోడలు • 8:11

నీళ్లు తాగొచ్చి చెప్తా.

బెడోక్_బావ • 8:30

నీళ్లంటే గుర్తొచ్చింది, ఎవరూ ఎత్తలేదేంటి? 1962 ఒప్పందం ప్రకారం జొహోర్ నది నుంచి రోజుకి 25 కోట్ల గ్యాలన్లు తీసుకునే హక్కు సింగపూర్‌కి ఉంది, వెయ్యి గ్యాలన్లకి 3 సెన్లు (రింగిట్‌కి వంద సెన్లు). 2061 దాకా. విడిపోయేటప్పుడు ఈ హామీని విభజన ఒప్పందంలోనే రాసి, ఐక్యరాజ్య సమితిలో నమోదు చేయించారు. అయినా సంబంధాలు చెడినప్పుడల్లా 'కుళాయి కట్టేస్తాం' అన్న మాట అటు నుంచి వినిపిస్తూనే వచ్చింది. అందుకే ఇక్కడ మురుగునీటిని శుద్ధిచేసి న్యూవాటర్ అన్నారు, 2005లో తుఆస్‌లో సముద్రపు నీటి ప్లాంటు పెట్టారు. వానపడ్డ ప్రతి చుక్కా జలాశయంలోకే. ఇది భయంతో నేర్చుకున్న విద్య. కలిసి ఉంటే నేర్చుకునేవాళ్లు కాదు.

పేరాక్_అప్పన్న • 8:58

బావగారూ, నీళ్ల కథ మా వైపు నుంచి కూడా వినాలి. 3 సెన్ల ధర 1962 నాటిది. ఈ రోజుల్లో ఆ డబ్బుకి ఏటొస్తుంది చెప్పండి? అదే నీటిని శుద్ధిచేసి జొహోర్‌కి వెయ్యి గ్యాలన్లు 50 సెన్లకి తిరిగి అమ్ముతారు. నిజమే, శుద్ధి ఖర్చు అంతకంటే ఎక్కువని, అది సబ్సిడీ ధర అని సింగపూర్ అంటుంది. 25 ఏళ్ల తర్వాత, 1987లో, ధర తిరగరాసే అవకాశం ఉంటే మా ప్రభుత్వం అడగలేదు, అదీ నిజమే. కానీ ఎండాకాలం జొహోర్ ఊళ్లలో కుళాయి ఆగితే, ఆ ఇంటి ఆడమనిషికి 1987 సంగతి చెప్పి చూడండి.

పాతకాగితాలు • 9:20

ఇద్దరిదీ న్యాయమే. నాకు ఇందులో నచ్చేది వేరే. రెండు దేశాలు కాబట్టే తగాదా కాగితం మీదికి వచ్చింది. పెద్రా బ్రాంకా దీపస్తంభం ఉన్న రాయి ఎవరిదని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లారు. 2008లో అది సింగపూర్‌దనీ, పక్కనున్న మిడిల్ రాక్స్ మలేషియాదనీ తీర్పొచ్చింది. సింగపూర్ నడిబొడ్డున తంజోంగ్ పగార్ రైల్వే స్టేషన్ భూమి అప్పట్లో మలేషియా రైల్వే చేతిలో ఉండేది. దాని మీద 1990లో ఒప్పందం, ఇరవై ఏళ్ల కీచులాట, 2010లో పరిష్కారం. 2011 జూన్ 30 రాత్రి ఆఖరి రైలుని జొహోర్ సుల్తాను స్వయంగా నడిపి తీసుకెళ్లాడు. ఆయనే ఇప్పుడు మలేషియా రాజు.

ఇక చట్టం సంగతి. సింగపూర్ రాజ్యాంగం 6వ అధికరణం ప్రకారం సార్వభౌమత్వాన్ని వదులుకోవాలంటే రెఫరెండంలో పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు రావాలి. 1972లో చేర్చారు. 1962లో గడి లేకుండా కలిపేసిన నాయకులే, పదేళ్ల తర్వాత తలుపుకి ఇంత పెద్ద గడియ పెట్టారు. తమాషా కదా?

అయినా తలుపు పూర్తిగా మూశారని కూడా అనలేం. 1996లో లీ క్వాన్ యూ, మలేషియా కూడా జాతి చూడకుండా ప్రతిభ విధానానికి వచ్చి, సింగపూర్ అంత ఎదిగితే మళ్లీ కలవొచ్చన్నట్టు మాట్లాడాడు. అటు మలేషియాలో కోపం, ఇటు సింగపూర్‌లో టెన్షన్.

పేరాక్_అప్పన్న • 9:51

ఆ మాట మాకు బాగా గుర్తుంది. 'మీరు మాలా మారితే మీతో కలుస్తాం' అన్నట్టు వినపడింది. అలా అడిగితే ఎవరు ఊ అంటారు?

చివరిగా ఒక లెక్క, లెక్కలు గారు వెయ్యనిది. 1963లో టుంకు భయం జనాభా. మలయాకి సింగపూర్ ఒక్కదాన్నే కలిపితే చైనీస్ సంఖ్య మలయ్‌లని దాటిపోయేది. అందుకే సబా, సరవాక్‌లని కూడా చేర్చారు. మరి ఇప్పుడో? 2020 లెక్కల్లో మా పౌరుల్లో భూమిపుత్రులు 69 శాతం, చైనీస్ 23, మనం 7 లోపు. సింగపూర్ వాసులు, అంటే పౌరులూ పర్మనెంట్ రెసిడెంట్లూ, 40 లక్షలు. వాళ్లలో ముప్పావు వంతు చైనీస్. అందరినీ కలిపినా భూమిపుత్రులే సగం పైన ఉంటారు. 60 ఏళ్ల కిందటి భయానికి ఇవాళ లెక్కలో ఆధారం లేదు. అయినా ఎన్నికల సభలో ఆ భయం ఇప్పటికీ పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ కాలిక్యులేటర్ తీసుకుని రారు.

ఇంకొకళ్లని కూడా ఎవరూ అడగలేదు. సింగపూర్ మలయ్‌లు, 13 శాతం. కలిస్తే ఒక్క రాత్రిలో మైనారిటీ నుంచి మెజారిటీ అవుతారు. మరి వాళ్లు కలుద్దామంటున్నారా? నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు అనడం లేదు. వాళ్ల ఫ్లాటూ, సీపీఎఫ్ (మీ పీఎఫ్ లాంటిది) డబ్బూ, పిల్లల బడీ అక్కడ ఉన్నాయి.

ఓరుగల్లు_కుర్రాడు • 10:15

చానా సేపైంది, ఓటింగ్ పెట్టేద్దాం. పైన పోల్ పెట్టిన, నొక్కున్రి:
ఒకటి, విద్య, కార్మిక శాఖలు చేతిలో ఉంచుకుని కలవాలి.
రెండు, మలక్కా, పెనాంగ్ లెక్క మామూలు రాష్ట్రంగా కలవాలి.
మూడు, సబా, సరవాక్‌లకు ఇచ్చిన షరతుల మీద కలవాలి.

బెడోక్_బావ • 10:18

'వద్దు' అనే గడి ఏదోయ్?

ఓరుగల్లు_కుర్రాడు • 10:19

1962 పద్ధతి అన్నా. పాతకాగితాలు సార్‌ని అడుగున్రి.

పాతకాగితాలు • 10:24

అక్షరాలా అవే మూడు గడులు. కుర్రాడు శ్రద్ధగా చదివాడు.

మిరి_ఇంజనీర్ • 10:30

మూడోది. కాకపోతే నూనె ముందే రాయించుకోండి.

లెక్కలే_ముఖ్యం • 10:41

ఖాళీ.

బెడోక్_బావ • 10:42

ఖాళీ. మావాడిది కూడా ఖాళీయే, వాడి దగ్గర ఫోన్ ఉండదు కాబట్టి నేనే చెప్తున్నా.

మోడరేటర్ • 10:44

పక్కవాళ్ల ఓటు మీరు వెయ్యడం కుదరదు బావగారూ.

పేరాక్_అప్పన్న • 10:50

ఈ కాగితం మీద మలేషియన్‌కి గడి లేదు. నేను పడుకుంటున్నాను.

జొహోర్_కోడలు • 11:07

నేను మూడో దానికే వేశాను, ఇమ్మిగ్రేషన్ ఉంటే ఉండనీ. 2026 చివరికల్లా మా జొహోర్ బారులోని బుకిత్ చగర్ నుంచి సింగపూర్‌లోని ఉడ్‌లాండ్స్ నార్త్‌కి ఆర్‌టీఎస్ రైలు మొదలుపెడతామన్నారు. నాలుగు కిలోమీటర్లు, అయిదు నిమిషాలు, రెండు దేశాల చెకింగూ ఎక్కే చోటే. గంటకి పదివేల మంది పడతారట. దాంతో సరిపెట్టుకోమంటారని తెలుసు. సరిపెట్టుకుంటాను, కానీ మా ఆడపడుచు ఇంటి అద్దెకి ఆ రైలు ఏం చేస్తుందో మీలో ఎవరూ చెప్పలేదు. రైలొచ్చాక బుకిత్ చగర్ చుట్టూ అద్దెలు ఇంకా లేస్తాయి. నీళ్ల ఒప్పందం ముగిసే 2061కి నాకు డెబ్బై దాటుతుంది. మోడరేటర్ గారూ, ఈ థ్రెడ్‌కి తాళం వెయ్యకండి, అప్పుడు మళ్లీ పైకి తెస్తాను.